ప్రథమ పౌరుడిపై ఆరోపణ – పత్రికలు – ప్రజాభిప్రాయం

ప్రభుత్వం అనగానే మనకు ఢిల్లీ, అమరావతి గుర్తుకు వస్తాయి. కాని సామాన్య మానవుడి నిత్యజీవితాన్ని తాకే ప్రభుత్వం మునిసిపల్ ఆఫీసులో వుంటుంది. కుళాయిలో నీళ్లు, వీధిలో దీపం, ఇంటి ముందు మురుగు కాలువ, పుట్టినప్పుడు ఒక సర్టిఫికెట్టు, పోయినప్పుడు ఒక సర్టిఫికెట్టు – అన్నీ అక్కడి నుంచే రావాలి. అటువంటి సంస్థకు అధ్యక్షుడైన వ్యక్తిని నగరంలో మేయరు అంటాం, మన ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలలో చైర్మన్ అంటాం. ఊరికి ప్రథమ పౌరుడని గౌరవిస్తాం. ఆ ప్రథమ పౌరుడి మీదనే అవినీతి ఆరోపణ వస్తే ఏం జరుగుతుంది? పత్రికలు ఏం రాస్తాయి? జనం ఏమనుకుంటారు? రాజనీతిశాస్త్ర విద్యార్థులకే గాక, వోటు వున్న ప్రతి విద్యార్థికీ పనికివచ్చే ప్రశ్న గనుక ఈ వ్యాసంలో దాన్ని పరిశీలిద్దాం.

మన ఊళ్లకు మేయర్లు లేరు గదా, మనకెందుకీ గొడవ అని కొందరు మిత్రులు అనవచ్చు. పేరు వేరైనా వ్యవహారం ఒకటే. ఆదోని పురపాలక సంఘం 1865లో ఏర్పడింది. అప్పటికి మనం బళ్లారి జిల్లాలో వున్నాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గదా ఆదోని తాలూకా ఇటు వచ్చింది. అంటే జిల్లా మారినా, రాష్ట్రం మారినా, మునిసిపాలిటీ మాత్రం నూటయాభై ఏళ్లకు పైగా మనతోనే వుంది. ఇంత పాత సంస్థ లెక్కలను చూసే అలవాటు మనకు ఎంత వుంది అన్నదే అసలు సంగతి.

మేయరు చేతిలో ఏముంది?

అవినీతి గురించి మాట్లాడే ముందు పని ఎలా నడుస్తుందో తెలియాలి. ఒక వీధికి సిమెంటు రోడ్డు వెయ్యాలనుకుందాం. మొదట ఇంజనీరింగు శాఖ ఎస్టిమేటు తయారు చేస్తుంది. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు అని రెండు అనుమతులు కావాలి. విషయం ఎజెండాలో చేరి కౌన్సిల్ ముందుకు వస్తుంది. కార్పొరేషన్ అయితే స్టాండింగ్ కమిటీ కూడ వుంటుంది. తర్వాత టెండరు, అగ్రిమెంటు. పని జరిగాక ఇంజనీరు కొలతలు తీసి ఎం.బుక్‌లో రాస్తాడు. ఆ కొలతలను పట్టి బిల్లు, బిల్లును పట్టి చెల్లింపు. చివరకు ఆడిట్.

ఈ మొత్తం ప్రయాణంలో మేయరు లేక చైర్మన్ సంతకం డబ్బు చెల్లించే కాగితం మీద సాధారణంగా కనబడదు. సభకు అధ్యక్షత వహించేది ఆయన; అమలు జరిపేది కమిషనర్. ఇందులోనే ఒక చిక్కు వుంది. అడిగితే చైర్మన్ “చెల్లించింది కమిషనర్” అంటాడు. కమిషనర్ “కౌన్సిల్ తీర్మానం చేసింది” అంటాడు. కౌన్సిలర్లు “ఎజెండాలో వచ్చింది, చేతులెత్తినాం” అంటారు. బాధ్యత బంతిలాగా చేతులు మారుతూ వుంటుంది.

తప్పు జరగడానికి అనువైన చోట్లు కూడ ఈ దారిలోనే వున్నాయి. టెండరు లేకుండా నామినేషన్ మీద పని ఇవ్వడం, ఒక పెద్ద పనిని చిన్న ముక్కలుగా చేసి టెండరు తప్పించడం, సభ మొదలైనాక అప్పటికప్పుడు టేబుల్ ఎజెండా అని కాగితాలు పెట్టడం, పని అయిపోయినాక వెనక తేదీ అవసరానికి ఆమోదం తీసుకోవడం, వెయ్యని మందం వేసినట్టు కొలతల పుస్తకంలో రాయడం. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది అవినీతి కాదు. అత్యవసరంలో నామినేషన్ అవసరమే కావచ్చు. కాని తేనె ఎక్కడ వుందో చీమకు తెలిసినట్టు, లాభం ఎక్కడ వుందో తెలిసినవాళ్లు ఈ చోట్లనే చేరుతారు.

కడప ఉదంతం

మన రాయలసీమలోనే, మనకు దగ్గరగా జరిగిన ఒక ఉదంతం తీసుకుందాం. కడప నగరపాలక సంస్థకు 2021లో జరిగిన ఎన్నికల తర్వాత వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీకి చెందిన కె.సురేష్‌బాబు మేయరు అయినారు. 2014లో ఎన్నికైన పాలకవర్గంలో కూడ ఆయనే మేయరు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కడప శాసనసభ స్థానం నుంచి తెలుగుదేశం అభ్యర్థి ఆర్.మాధవీరెడ్డి గెలిచారు. నగరంలో ఒక పార్టీ, రాష్ట్రంలో మరో పార్టీ. ఇక ఘర్షణకు కొదవేముంది?

మేయరు కుటుంబ సభ్యులకు చెందిన కాంట్రాక్టు సంస్థకు నగరపాలక సంస్థ పనులు ఇచ్చారన్నది ఆరోపణ. సుమారు 36 లక్షల రూపాయల పనులని వార్తలలో వచ్చింది. విజిలెన్సు విచారణ జరిగింది. 2025 మార్చిలో సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ సంవత్సరం మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఆయనను మేయరు పదవికి అనర్హుడిగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఇది రాజకీయ కక్ష అని మేయరు పక్షం వాదించింది. వివాదం హైకోర్టు మెట్లెక్కింది. ఎవరు దోషి, ఎవరు నిర్దోషి అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అది న్యాయస్థానం పని. ఆ ఆరోపణను మనం ఎలా చదివాం, ఎలా విన్నాం అన్నదే మన పరిశీలన.

ఆ వివాదం నడుస్తున్న రోజులలో కడప కౌన్సిల్ గురించి జనానికి ఎక్కువగా గుర్తుండిపోయింది ఏది? కుర్చీ! 2024 చివరి నెలల్లో జరిగిన సమావేశాలలో శాసనసభ్యురాలికి వేదిక మీద కుర్చీ వెయ్యలేదని పెద్ద రభస జరిగింది. ఆమె నిలబడే నిరసన తెలిపారు. అరుపులు, నినాదాలు, తోపులాటలు. ఆ దృశ్యాలు టీవీలలో తిరిగినన్ని సార్లు, టెండరు లేకుండా పని ఎలా పోయింది, ఎస్టిమేటు ఎంత, కొలతలు ఎవరు తీశారు అన్న ప్రశ్నలు తిరగలేదు. కుర్చీ కంటికి కనబడుతుంది, ఎం.బుక్ కనబడదు. కుర్చీ మీద అభిప్రాయం చెప్పడానికి చదువు అక్కరలేదు; కొలతల పుస్తకం మీద అభిప్రాయం చెప్పాలంటే కొంచెం శ్రమ పడాలి.

“ఇన్ని వందల కోట్లు తినేవాళ్లుండగా 36 లక్షలు ఏపాటి?” అన్న ప్రశ్న కూడ కొందరికి తోచవచ్చు. ఇక్కడ చట్టం చూసేది మొత్తాన్ని కాదు. సభ్యుడిగా వున్నవాడికి ఆ సంస్థ కాంట్రాక్టులో సొంత లాభం వుండరాదన్నది మునిసిపల్ చట్టాలలోని పాత సూత్రం. రోడ్డు గట్టిగా వేశాడా, మెత్తగా వేశాడా అన్న ప్రశ్న తర్వాతిది. మన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తెచ్చిన రైతును అడగండి: కాటా వేసేవాడు, సరుకు కొనేవాడు ఒకడే అయితే నువ్వు ఒప్పుకుంటావా? తూకంలో ఒక్క గ్రాము తేడా రాకపోయినా రైతు ఒప్పుకోడు. ఎందుకంటే అనుమానం కాటాలో లేదు, ఆ ఏర్పాటులోనే వుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే ఇంటివాళ్లు కారాదన్న నియమానికి అర్థం ఇంతే.

పత్రికలు – ఎవరి కళ్లద్దాలు వారివి

తెలుగు దినపత్రికలకు గొప్ప చరిత్ర వుంది. స్వాతంత్ర్య పోరాటంలో ఆంధ్రపత్రిక చేసిన సేవ మనకు తెలుసు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు వార్తను పల్లెదాకా తీసుకుపోయింది. జిల్లా అనుబంధాలు వచ్చిన తర్వాత, అంతకుముందు ఏనాడూ అచ్చులో పేరు చూడని ఊళ్ల పేర్లు పత్రికలో కనబడ్డాయి. బోరు చెడిపోయిందన్న వార్త వస్తే మరునాడు మెకానిక్ రావడం మనం చూసిందే. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఈ రోజు పెద్ద పత్రికలు ఏ రాజకీయ పక్షానికి దగ్గరో పాఠకుడికి తెలియని రహస్యం కాదు. 2008లో ప్రారంభమైన సాక్షి వై.ఎస్.కుటుంబానికి చెందిన పత్రిక. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశానికి అనుకూలమని ఎదుటి పక్షం ఎప్పుడూ అంటూనే వుంటుంది. కడప ఉత్తర్వు వంటి సంఘటన జరిగినప్పుడు ఒక పత్రికలో అది “అవినీతికి శిక్ష” అవుతుంది, మరొక పత్రికలో “ప్రజాస్వామ్యంపై దాడి” అవుతుంది. రెండు శీర్షికలూ తీర్పులే. రెండింటిలోనూ వార్త కంటె ముందు ముద్ర వచ్చింది. టీ అంగట్లో ఒక బెంచీ మీద కూర్చొని రెండు పత్రికలు చదివిన ఇద్దరు మనుషులు రెండు వేరు వేరు నగరాలలో బ్రతుకుతున్నట్టు మాట్లాడుకుంటారు.

దీనికి యజమానులను మాత్రమే నిందించి లాభం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు వంటి చోట్ల వార్త రాసే విలేకరి పరిస్థితి ఏమిటి? చాలా మందికి స్థిరమైన జీతం లేదు. అచ్చైన వార్తను కొలిచి ఇచ్చే చిల్లర డబ్బు, అదీ కొన్ని పత్రికలలోనే. దాంతోబాటు ప్రకటనలు తెచ్చే బాధ్యత. ఉగాదికి, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకు శుభాకాంక్షల ప్రకటనలు ఇచ్చేది ఎవరు? ఆ చైర్మనే, ఆ కౌన్సిలరే, ఆ కాంట్రాక్టరే. సోమవారం ప్రకటన కోసం వెళ్లిన గుమ్మంలోకే మంగళవారం ఎం.బుక్ గురించి అడగడానికి వెళ్లాలంటే ఎంత గుండె కావాలి! అయినా అలా వెళ్లి రాసే విలేకరులు లేకపోలేదు. వారిని మనం తలచుకోవాలి.

పాశ్చాత్య రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లో ప్రజాభిప్రాయం అన్న పేరుతోనే ఒక గ్రంథం రాశాడు. మనిషి నేరుగా ప్రపంచాన్ని చూసి అభిప్రాయం ఏర్పరచుకోడు. తన తలలో వున్న ప్రపంచపు బొమ్మను చూసి ఏర్పరచుకుంటాడని ఆయన సిద్ధాంతం. ఆ బొమ్మను గీసేవాళ్లలో పత్రిక ఒకటి. మన దేశంలో కులం ఒకటి, పార్టీ ఒకటి, ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోను ఒకటి. కౌన్సిల్ హాలులోకి ఒక్కసారి కూడ అడుగు పెట్టనివాడు కూడ మేయరు మీద గట్టి అభిప్రాయం చెప్పగలగడానికి కారణం ఇదే.

జనం మాట

ఇక జనం ఏమంటారు? మన ప్రాంతంలో ఏ నాయకుడి మీద ఆరోపణ వచ్చినా వినబడే మాటలను మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది: “మనోడప్పా!” ఆరోపణ మనవాడి మీద వస్తే కుట్ర, ఎదుటివాడి మీద వస్తే నిజం. ఇక్కడ విచారణ అక్కరలేదు, ఇంటిపేరు చాలు.

రెండవది: “ఎవురు తినలేదు సామీ?” అందరూ తింటారు గనుక ఈయన తినడం ప్రత్యేక విషయం కాదన్న వాదం. తేనె తీసినవాడు చెయ్యి నాకకుండా వుంటాడా అన్న సామెత ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇది విరక్తిలాగా కనబడుతుంది గాని, నిజానికి దొంగకు ఇచ్చే అనుమతి పత్రం. అందరూ దొంగలే అన్నప్పుడు నిజాయితీగా పని చేసిన కౌన్సిలరుకు కూడ ఆ బురద అంటుతుంది. వాడికి నిజాయితీగా వుండడంలో లాభమేమిటి?

మూడవది: “తింటే తిన్యాడులే గాని, నీళ్లిడిసినాడు.” ఈ మాటను చదువుకున్నవాళ్లు తేలికగా తీసిపారేస్తారు. తియ్యరాదు. మన పశ్చిమ ప్రాంతంలో నీటి విలువ తెలిసినవాళ్లకే ఈ మాట బరువు తెలుస్తుంది. తుంగభద్ర దిగువ కాలువలో నీరు వస్తే బసలదొడ్డి చెరువు నిండాలి, అది నిండితే ఆదోనికి తాగునీరు. కాలువ చివర వున్న మనకు వచ్చేసరికి ఎంత మిగులుతుందో ప్రతి వేసవికీ దిగులే. రోజు విడిచి రోజు బిందెలతో నిలబడే ఇల్లాలికి, ట్యాంకరు పంపినవాడు దేవుడు. అతడు ఎం.బుక్‌లో ఏం రాశాడో ఆమెకు అనవసరం. ఆమెను తప్పు పట్టే హక్కు మనకు లేదు.

కాని ఆమెకు మనం చెప్పవలసిన సంగతి ఒకటి వుంది. ట్యాంకరు పంపడం ఉపకారం కాదు, ఆమె కట్టిన పన్నుకు, ఆమె వోటుకు రావలసిన బాకీ. పది ట్రిప్పులకు బిల్లు పెట్టి ఏడు ట్రిప్పులు తోలితే, ఆ పోయిన మూడు ట్రిప్పులు ఆమె బిందెలోవే. పైపు లైనుకు నాసి గొట్టం వేస్తే, పగిలినప్పుడు మురుగు కలిసిన నీళ్లు తాగేది ఆమె పిల్లలే. “తిన్నా నీళ్లిచ్చినాడు” అనే మాటలో, తిన్నది ఎవరి నీళ్లు అన్న ప్రశ్న దాగి వుంది. అవినీతి అంటే ప్రభుత్వ సొమ్ము పోవడం అని మనం అనుకుంటాం. నిజానికి ప్రభుత్వానికి సొమ్ము లేదు. వున్నదంతా బిందె పట్టుకున్నవాళ్లదే.

పరదేశపు పాఠాలు

ఈ మూడవ మాట మన దేశానికే ప్రత్యేకమనుకుంటే పొరపాటు. అమెరికాలోని బోస్టన్ నగరానికి జేమ్స్ మైకేల్ కర్లీ నాలుగు సార్లు మేయరు అయినాడు. 1904లో ఉద్యోగం కోసం వచ్చిన ఒక మనిషి తరఫున తానే పరీక్ష రాసి పట్టుబడి జైలుకు వెళ్లాడు. జైలులో వుండగానే నగర ఎన్నికల్లో గెలిచాడు! పేదవాడికి సాయం చెయ్యబోయి జైలుకు పోయాడన్నది జనం లెక్క. 1945లో మోసం కేసు నెత్తి మీద వుండగానే మళ్లీ మేయరుగా గెలిచాడు. 1947లో శిక్ష పడి అయిదు నెలలు జైలులో గడిపినా పదవి పోలేదు. అధ్యక్షుడు ట్రూమన్ శిక్ష తగ్గించగా విడుదలై వస్తే జనం స్వాగతం పలికారు.

అటువంటి కర్లీ చివరకు ఎలా ఓడిపోయాడు? ఆయన జైలులో వున్న కాలంలో తాత్కాలికంగా మేయరు పని చూసినవాడు జాన్ హైన్స్ అనే నగర గుమాస్తా. రాజకీయ పటాటోపం లేని మనిషి. కర్లీ తిరిగి వచ్చిన రోజున, ఇన్ని నెలల్లో జరగని పని తాను ఒక్క రోజులో చేశానని పత్రికలవారి ముందు గొప్పలు పోయాడు. హైన్స్‌కు మనసు నొచ్చింది. 1949లో పోటీ చేసి కర్లీని ఓడించాడు. ఆరోపణలు, తీర్పు, జైలు చెయ్యలేని పనిని, హడావుడి లేకుండా ఆఫీసు నడపడం కూడ సాధ్యమేనని జనం కంటితో చూడడం చేసింది. అందరూ తింటారన్న నమ్మకానికి విరుగుడు ఉపన్యాసం కాదు, తినకుండా పని చేసే ఒక మనిషి.

రెండవ పాఠం న్యూయార్కుది. 1871 నాటికి ఆ నగరం ట్వీడ్ అనే నాయకుడి గుప్పిట్లో వుంది. మేయరు ఓకీ హాల్ అతడి మనిషి. రెండున్నర లక్షల డాలర్లతో కడతామన్న కోర్టు భవనం ఖర్చు కోటి డాలర్లు దాటింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక చాలా కాలం తిట్టింది, ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అది ఎదుటి పార్టీ పత్రిక అని అందరికీ తెలుసు. 1871 జూలైలో ఆ పత్రిక తిట్లు పక్కన పెట్టి నగర ఖాతా పుస్తకాల నకళ్లను అచ్చు వేసింది. ఏ తేదీన, ఎవరి పేర, ఏ పనికి ఎంత చెల్లించారో అంకెలు అంకెలుగా ఇచ్చింది. జర్మన్ భాష మాట్లాడే జనం ఎక్కువ గనుక వారి భాషలో కూడ అనుబంధం వేసింది. అప్పుడు ఊరు కదిలింది. హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ వేసిన వ్యంగ్య చిత్రాలు చదువురానివారికి కూడ సంగతి చెప్పాయి. ఆ సంవత్సరం నవంబరు ఎన్నికల్లో ట్వీడ్ ముఠా దెబ్బ తిన్నది.

గమనించవలసిన విషయాలు ఇందులో మూడు వున్నాయి. పత్రిక నిష్పక్షపాతమైంది కాదు. అయినా అంకెలు నిలబడ్డాయి, ఎందుకంటే అంకెను ఏ పార్టీవాడైనా సరిచూసుకోవచ్చు. రెండవది, అదే ఎన్నికలో ట్వీడ్ మాత్రం తన సొంత నియోజకవర్గంలో గెలిచాడు. చలికాలంలో అతడు పంచిన బొగ్గును పేదలు మరిచిపోలేదు. నీళ్లిడిసినవాడిని మన ఇల్లాలు మరిచిపోనట్టే. మూడవది, బిల్లుల మీద సంతకాలు పెట్టిన మేయరు హాల్, అవి కేవలం యాంత్రికంగా పెట్టినవని వాదించాడు. న్యాయస్థానంలో విచారణ జరిగి చివరకు నిర్దోషిగా బయటపడ్డాడు. సంతకం వున్నంత మాత్రాన దొంగతనం రుజువైనట్టు కాదు.

నాలుగు మాటల తేడా

ఈ మూడవ విషయం మనకు చాలా ముఖ్యం. ఆరోపణ, విచారణ, ఉత్తర్వు, తీర్పు – ఈ నాలుగు మాటలకూ తేడా వుంది. ఆరోపణ ఎవడైనా చెయ్యవచ్చు. విచారణ అధికారి చేస్తాడు. అది అతడి అభిప్రాయం. ఉత్తర్వు ప్రభుత్వం ఇస్తుంది; ప్రభుత్వం ఒక పార్టీ చేతిలో వుంటుంది గనుక దాని మీద అప్పీలు వుంటుంది. తీర్పు న్యాయస్థానానిది. పత్రికల్లో ఈ నాలుగూ ఒకే సైజు అక్షరాలలో వస్తాయి. సెల్‌ఫోనులో అయితే నాలుగూ ఒకటే. ఆరోపణను తీర్పుగా చదివినవాడు ఒక మనిషి పరువు తీస్తాడు. తీర్పును ఆరోపణగా కొట్టిపారేసినవాడు ఊరి సొమ్ముకు గండి కొడతాడు. రెండూ అన్యాయాలే.

పదవిలో వున్నవాడి గురించి రాయడానికి భయపడవలసిన పని కూడ లేదు. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ రికార్డుల ఆధారంగా రాసే స్వేచ్ఛ పత్రికలకు వుందని, అధికార విధుల విషయంలో పదవిలో వున్నవారు విమర్శను భరించాలని స్పష్టం చేసింది. అయితే అబద్ధమని తెలిసి, లేక నిజమా కాదా అని చూడకుండా రాసేవాడికి ఆ రక్షణ లేదు. అంటే కాగితం చేతిలో వున్నవాడికి ధైర్యం, లేనివాడికి హద్దు.

మనం చెయ్యగలిగింది

ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టుకుంటే మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఎస్టిమేటు, తీర్మానం, అగ్రిమెంటు, ఎం.బుక్ నకలు, బిల్లు – ఈ అయిదు కాగితాలు అడగవచ్చు. అయిదూ పక్కపక్కన పెట్టుకొని చదివితే ఒక రోడ్డు చరిత్ర తెలుస్తుంది. తీర్మానం తేదీ ముందా, పని తేదీ ముందా? ఎన్ని టెండర్లు వచ్చాయి? పుస్తకంలో రాసిన పొడవు ఎంత, మనం టేపు పెట్టి కొలిస్తే ఎంత? ఇది కామర్సు విద్యార్థికి ఆడిటింగు పాఠం, గణితం విద్యార్థికి క్షేత్రగణితం, పాలిటిక్సు విద్యార్థికి స్థానిక స్వపరిపాలన. పాఠ్యపుస్తకంలో 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిందని చదువుకొని పరీక్ష రాస్తే మార్కులు వస్తాయి. మన వార్డులోని ఒక్క కాలువ లెక్క చూస్తే ఆ సవరణకు అర్థం తెలుస్తుంది.

ఎమ్మిగనూరు మిత్రులకు ఈ మాట కొత్త కాదు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. ఆ సేవకు 1954లో పద్మశ్రీ అందుకున్నారు. సహకార సంఘం అంటేనే సభ్యుల ముందు లెక్క చెప్పవలసిన సంస్థ. నూలు ఎంత ఇచ్చారు, గుడ్డ ఎంత వచ్చింది, కూలి ఎంత – నేత పని చేసే ఇంట్లో పిల్లవాడికి కూడ ఈ లెక్క తెలుసు. ఒక్క పోగు తెగినా మగ్గం దగ్గర కూర్చున్నవాడి కంటికి ఆనుతుంది. ఆ కన్నే మునిసిపాలిటీ లెక్క మీద కూడ పడితే చాలు.

ఇంకొక మాట. న్యూయార్కు పత్రిక జర్మన్ భాషలో కూడ లెక్కలు అచ్చు వేసిన సంగతి చెప్పుకున్నాం. మన ఆదోనిలో తెలుగుతోబాటు కన్నడం, ఉర్దూ మాట్లాడే వీధులు ఎన్ని వున్నాయి! మన కాలేజీలో ఆ మూడు భాషలూ తెలిసిన విద్యార్థులు వున్నారు. సంపాదించిన లెక్కను ఏ వ్యాఖ్యా చేర్చకుండా, ఎవరినీ తిట్టకుండా, మూడు భాషల్లో ఆ వార్డులో చదివి వినిపిస్తే చాలు. అది ఏ పార్టీకీ చెందని పత్రిక అవుతుంది. చైర్మన్ నిజాయితీపరుడైతే ఆ లెక్కే ఆయనకు రక్ష. కాకపోతే, అప్పుడు ఆలోచించవలసింది ఆయన.

మిత్రులారా! మేయరు మీద ఆరోపణ వచ్చినప్పుడు అభిప్రాయం చెప్పడం తేలిక. ఎటు వైపు చెప్పినా చప్పట్లు కొట్టేవాళ్లు దొరుకుతారు. రెండు పత్రికలు, ఒక కాగితం – ఇది అలవాటు చేసుకోండి. ఎదుటి పార్టీ పత్రిక చదవండి, మన పార్టీ పత్రిక చదవండి, ఆ తర్వాత అసలు కాగితం చూడండి. అప్పుడు చెప్పే మాటకు ప్రజాభిప్రాయం అన్న పేరు తగుతుంది. రేపు మనలోనే ఎవరైనా కౌన్సిలరు కావచ్చు, విలేకరి కావచ్చు, ఎం.బుక్‌లో కొలతలు రాసే ఇంజనీరు కావచ్చు. ఆ కుర్చీలలో కూర్చున్న రోజున, లెక్క అడిగేవాడు గుమ్మంలో నిలబడితే లేచి పుస్తకం చేతికి ఇవ్వగలిగినట్టు మనం ఇప్పటినుంచే తయారవుదాం.